చట్టం ఎక్కడ ఉంది: పుస్తకంలోనా, తీర్పులోనా?

(మైనారిటీ హక్కుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా ఫైళ్లు నడిపి పదవీ విరమణ చేసినవాడిని. ఇప్పుడు మసీదు కమిటీ లెక్కలు, వితంతు పింఛను దరఖాస్తులు, ఖబరస్తాన్ తగాదాలు నా దినచర్య. వివిధ దేశాల న్యాయ సంప్రదాయాలను గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, ఇది పెద్ద చదువులు చదివినవారి విషయం కదా అని మొదట వెనుకాడాను. అయితే ఈ విషయం తెలియకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని నా కళ్లతో చూశాను. ఒకసారి ఆ నష్టం నా చేతుల మీదుగానే జరిగింది. ముందు అది చెబుతాను.

సర్వీసులో ఉండగా మరణించిన ఒక చిరుద్యోగి భార్య కుటుంబ పింఛను కోసం మా సెక్షన్‌లో దరఖాస్తు పెట్టుకుంది. భర్త సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు నమోదు కాలేదు. నేను నిబంధనల పుస్తకం తిరగేసి, నామినేషన్ లేనందున అభ్యర్థన పరిశీలనార్హం కాదని నోట్ రాసి పైకి పంపాను. పై అధికారి సంతకం చేశారు. ఏడాదిన్నర తరువాత ఆమె ఒక న్యాయవాది సాయంతో తిరిగి వచ్చింది. ఈసారి దరఖాస్తుకు హైకోర్టు తీర్పు నకలు జతచేసి ఉంది. నామినేషన్ లేదన్న ఒక్క కారణంతో భార్యకు పింఛను నిరాకరించరాదని అటువంటి వ్యవహారంలోనే న్యాయస్థానం అంతకుముందే తేల్చి చెప్పింది. అదే చేత్తో నేను అనుకూలంగా నోట్ రాశాను. ఆ ఏడాదిన్నర ఆ ఇల్లు ఎలా గడిచిందో ఆమెను అడగలేదు. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

నేను చదివింది పుస్తకం. ఆమె తెచ్చింది తీర్పు. మన దేశంలో రెండూ చట్టమే. ఈ సంగతి డిగ్రీ చదివిన గుమస్తాకే తెలియకపోతే సామాన్యుల మాటేమిటి? అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి చూద్దాం.

ప్రపంచంలో అత్యధిక దేశాల న్యాయ వ్యవస్థలు రెండు మూలాల నుంచి వచ్చాయి. ఒకటి ఇంగ్లండులో పుట్టిన కామన్ లా. రెండవది రోమన్ మూలాల నుంచి ఐరోపా ఖండంలో ఎదిగిన సివిల్ లా. సివిల్ లా అనగానే మనవారు ఆస్తి తగాదాలు చూసే సివిల్ కోర్టు అనుకుంటారు. ఇక్కడ ఆ అర్థం కాదు. ఇది ఒక సంప్రదాయం పేరు.

ఇంగ్లండులో 12వ శతాబ్దంలో రెండవ హెన్రీ రాజు కాలంలో రాజన్యాయమూర్తులు ఊరూరా తిరిగి తగాదాలు తీర్చేవారు. ఒకచోట ఇచ్చిన తీర్పును మరొకచోట పాటించడం క్రమంగా ఆచారమైంది. అలా దేశమంతటికీ ఉమ్మడిగా నిలిచిన చట్టం గనుక దానికి కామన్ లా అని పేరు. ఒకే విధమైన రెండు వ్యవహారాలలో రెండు రకాల న్యాయం ఉండరాదన్నది దాని ప్రాణసూత్రం. పైకోర్టు తేల్చిన సూత్రానికి కిందికోర్టు కట్టుబడాలి.

ఖండాంతర ఐరోపా మరో దారి పట్టింది. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన రోమన్ న్యాయ సంపుటాలను అక్కడి విశ్వవిద్యాలయాలు శతాబ్దాల పాటు బోధించాయి. 1804లో నెపోలియన్ ఫ్రాన్సుకు పౌర స్మృతి ఇచ్చాడు. 2,281 అధికరణలలో ఆస్తి, ఒప్పందం, వివాహం, వారసత్వం వంటివన్నీ ఒకే గ్రంథంలో ఇమిడాయి. ఆ స్మృతిలోని 5వ అధికరణ న్యాయమూర్తిని ఉద్దేశించి, తన ముందున్న వ్యవహారాన్ని తేల్చాలే తప్ప అందరికీ వర్తించే సాధారణ నియమాన్ని తీర్పు రూపంలో చేయరాదని నిషేధిస్తుంది. 4వ అధికరణ మరొకటి చెబుతుంది: చట్టం మౌనంగా ఉందన్న సాకుతో న్యాయమూర్తి తీర్పు చెప్పకుండా తప్పుకోరాదు. జర్మనీ స్మృతి 1900లో అమలులోకి వచ్చింది. ఈ రెండు స్మృతుల నమూనాలు అనేక దేశాలకు పాకాయి.

తేడాను ఇలా గుర్తుంచుకోవచ్చు. సివిల్ లా దేశంలో న్యాయవాది మొదట అధికరణ చదువుతాడు, తరువాత తన కేసును అందులో ఇముడుస్తాడు. కామన్ లా దేశంలో న్యాయవాది తన కేసు వంటి పాత కేసును వెతుకుతాడు. అయితే ఈ గీత అంత చిక్కనైనది కాదు. ఫ్రాన్సులో ప్రభుత్వ బాధ్యతకు సంబంధించిన న్యాయం చాలావరకు 1873 నాటి బ్లాంకో తీర్పు మొదలుకొని తీర్పుల ద్వారానే ఎదిగింది. కామన్ లా దేశమైన మనకు మెకాలే 1837లో ముసాయిదా రాసిన శిక్షా స్మృతి 1860లో చట్టమైంది. ఒప్పందాల చట్టం, సాక్ష్యాధారాల చట్టం 1872లో వచ్చాయి. అంటే మనకు పుస్తకమూ ఉంది, తీర్పూ ఉంది. సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని అన్ని న్యాయస్థానాలకూ శిరోధార్యమని రాజ్యాంగం 141వ అధికరణ చెబుతోంది.

మరి మన షరీఅత్ ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందని యువకులు అడుగుతుంటారు. ఏ కోవకూ చెందదు. అది రాజు రాసిన స్మృతి కాదు, ఖాజీ తీర్పుల పోగూ కాదు. ఖుర్ఆన్, సున్నత్‌ల ఆధారంగా ఫుఖహాలు తరతరాలుగా చేసిన విద్వత్ కృషి ఫిఖ్‌హ్. ఒక విషయంపై నాలుగు మజ్‌హబ్‌లలో నాలుగు అభిప్రాయాలున్నా అన్నింటికీ గౌరవం ఉండేది. ఈ సజీవ విద్య రెండు సామ్రాజ్యాల చేతుల్లో పడి రెండు రకాలుగా గడ్డకట్టింది.

ఉస్మానీ సామ్రాజ్యంలో అహ్మద్ జెవ్‌దెత్ పాషా నాయకత్వంలో 1869-1876 మధ్య హనఫీ ఫిఖ్‌హ్‌లోని లావాదేవీల భాగాన్ని 1,851 అధికరణలతో మజల్లా అనే స్మృతిగా కూర్చారు. విషయం ఫిఖ్‌హ్‌ది, ఆకారం ఐరోపాది. 1926లో తుర్కియే దానిని పక్కనపెట్టి స్విట్జర్లాండ్ పౌర స్మృతిని స్వీకరించింది. ఈజిప్టులో అబ్దుర్రజ్జాఖ్ సన్‌హూరీ ముసాయిదా రాసిన 1948 నాటి పౌర స్మృతి ఫ్రెంచి పద్ధతిలో సాగినా, లిఖిత చట్టం, ఆచారం లేనిచోట న్యాయమూర్తి ఇస్లామీ షరీఅత్ సూత్రాలను ఆశ్రయించాలని మొదటి అధికరణలోనే పేర్కొంది.

మన దేశంలో జరిగింది వేరు. 1772లో వారన్ హేస్టింగ్స్ ప్రణాళిక ప్రకారం ముస్లింల కుటుంబ, వారసత్వ వ్యవహారాలకు ఖుర్ఆన్ ధర్మం వర్తింపజేశారు. అరబీ రాని ఆంగ్ల న్యాయమూర్తుల కోసం హిదాయాను ఫారసీ అనువాదం మీదుగా చార్లెస్ హామిల్టన్ 1791లో ఆంగ్లంలోకి తెచ్చాడు. మొదట్లో న్యాయమూర్తి పక్కన మౌల్వీ కూర్చునేవాడు. 1864లో ఆ పదవిని రద్దు చేశారు. ఆ తరువాత ఫిఖ్‌హ్ ఏమిటో చెప్పినవి ఆంగ్ల తీర్పులే. ఒక న్యాయమూర్తి పొరపాటు పడితే అది కామన్ లా పద్ధతిలో తరువాతివారందరికీ నియమమైంది.

దీనికి వక్ఫ్‌ను మించిన ఉదాహరణ లేదు. తన సంతానానికి జీవనాధారంగా ఉండి, వంశం అంతరిస్తే పేదలకు చెందేలా ఆస్తిని వక్ఫ్ చేయడం ముస్లిం సమాజాలలో పాత ఆచారం. ఫ్రాన్సు అల్జీరియాను ఆక్రమించాక 1844 అక్టోబరు 1న ఒక ఆర్డినెన్సు తెచ్చింది. అల్జీరియాలో హబూస్ అని పిలిచే వక్ఫ్ భూమిని ఐరోపావాసి కొనుగోలు చేస్తే, అది వక్ఫ్ గనుక అమ్మకం చెల్లదనే వాదనకు తావు లేకుండా చేసింది. ఒక్క కలంపోటుతో దేశమంతటా వక్ఫ్‌కు రక్షణ తొలగింది. భూమి వలసవాసుల చేతికి పోయే దారి తెరుచుకుంది.

మన దేశంలో అదే దెబ్బ తీర్పు రూపంలో పడింది. 1894లో అబుల్ ఫతా కేసులో లండనులోని ప్రీవీ కౌన్సిల్, పేదలకు చెందవలసిన భాగం ఎప్పుడో వచ్చే నామమాత్రపు భాగం గనుక అటువంటి కుటుంబ వక్ఫ్ చెల్లదని తేల్చింది. తన సంతానాన్ని పోషించడం కూడా పుణ్యమేనన్న ఇస్లామీ భావన ఆంగ్లేయుల ధర్మాదాయ భావనకు అంతుపట్టలేదు. అంతకు రెండేళ్ల ముందే కలకత్తా హైకోర్టులో జస్టిస్ అమీర్ అలీ ఈ వక్ఫ్‌లను సమర్థిస్తూ భిన్నాభిప్రాయం రాశారు. అయినా లండను మాటే నెగ్గింది. ఆ తీర్పు ఒక కుటుంబానిది. నష్టం బ్రిటిష్ ఇండియా ముస్లింలందరిదీ.

మన పెద్దలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అల్లామా షిబ్లీ నోమానీ ఉలమాల అభిప్రాయాలు కూడగట్టారు. మహమ్మద్ అలీ జిన్నా శాసన మండలిలో బిల్లు ప్రవేశపెట్టారు. 1913లో ముసల్మాన్ వక్ఫ్ వాలిడేటింగ్ చట్టం వచ్చింది. అది అంతకు ముందటి వక్ఫ్‌లకు వర్తించదని ప్రీవీ కౌన్సిల్ అనగా, 1930లో మరో చట్టం ఆ లోటునూ పూడ్చింది. ఒక తీర్పును సరిదిద్దడానికి 36 ఏళ్లు పట్టింది. తీర్పు చేసిన నష్టాన్ని శాసనం సరిచేయగలదు. కానీ దానికి విద్వాంసుడు, న్యాయవాది, ప్రజాప్రతినిధి కలిసి నడవాలి.

శాసనం మాత్రమే కాదు, తీర్పును తీర్పు కూడా తీసివేయగలదు. ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ 1966 వరకు తన సొంత తీర్పులను కూడా దాటరాదని కట్టుబడి ఉండేది. మన సుప్రీంకోర్టు 1955లోనే తన పాత తీర్పును దాటగలనని చెప్పింది. అయితే దానికి విస్తృత ధర్మాసనం కావాలి, ఓపిక కావాలి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం మైనారిటీ సంస్థ కాదని 1967లో అజీజ్ బాషా కేసులో ఐదుగురు న్యాయమూర్తులు తీర్పునిచ్చారు. దానిని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:3 ఆధిక్యంతో 2024 నవంబరు 8న తోసిపుచ్చింది. మధ్యలో 57 ఏళ్లు గడిచాయి. అప్పుడు కూడా విశ్వవిద్యాలయ హోదాను నేరుగా తేల్చకుండా, కొత్త కొలమానం ప్రకారం తేల్చే పనిని మరో ధర్మాసనానికి వదిలింది. పత్రికలో శీర్షిక చూసి మిఠాయిలు పంచుకునే ముందు తీర్పు చివరి పేజీ చదవాలి.

మరొక మాట. తీర్పులో ఉన్న ప్రతి వాక్యమూ చట్టం కాదు. కేసును తేల్చడానికి అవసరమైన సూత్రం మాత్రమే కట్టుబాటు. 1994లో ఇస్మాయిల్ ఫారూఖీ కేసులో, మసీదు ఇస్లాం ఆచరణకు అత్యావశ్యక భాగం కాదన్న వ్యాఖ్య వచ్చింది. అది మన హృదయాలను గాయపరిచింది. 2018లో దానిని విస్తృత ధర్మాసనానికి పంపడానికి సుప్రీంకోర్టు ఆధిక్యంతో నిరాకరించింది. అయితే ఆ వ్యాఖ్య భూసేకరణ సందర్భానికి మాత్రమే పరిమితమని స్పష్టం చేసింది. మన ఎదుటివారు ఆ పాత వాక్యాన్ని చూపినప్పుడు ఈ వివరణను చూపగలగాలి.

ఇక హిజాబ్ విషయం చూడండి. ఒకే వస్త్రం, నాలుగు దేశాలు. ఫ్రాన్సులో 1989లో అక్కడి పాలనా న్యాయ మండలి, పాఠశాల క్రమశిక్షణకు భంగం కలిగించనంతవరకు మతచిహ్నాలు ధరించవచ్చని అభిప్రాయపడింది. ఆ తరువాత 2004లో పార్లమెంటు చట్టం చేసి ప్రభుత్వ పాఠశాలల్లో ప్రస్ఫుటమైన మతచిహ్నాలను నిషేధించింది. లిఖిత శాసనం రాగానే సందుకు చోటు లేకపోయింది. అదే సివిల్ లా సంప్రదాయానికి చెందిన జర్మనీలో రాజ్యాంగ న్యాయస్థానం 2003లో, ప్రత్యేక చట్టం లేకుండా ఉపాధ్యాయురాలిని అడ్డుకోరాదంది. కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాక, 2015లో గంపగుత్త నిషేధం తగదంది. కామన్ లా దేశమైన అమెరికాలో ఒక బట్టల దుకాణం తలకు స్కార్ఫ్ కట్టుకున్న యువతికి ఉద్యోగం నిరాకరిస్తే, 2015లో సుప్రీంకోర్టు 8:1 ఆధిక్యంతో ఆమె పక్షాన నిలిచింది. మన దేశంలో కర్ణాటక హైకోర్టు 2022 మార్చిలో విద్యాసంస్థల్లో నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరొక అభిప్రాయం ఇచ్చి విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు.

దీని నుంచి నేను గ్రహించింది ఒకటే. ఏ సంప్రదాయమూ తనంతట తాను అల్పసంఖ్యాకుల మిత్రుడు కాదు, శత్రువూ కాదు. ఫ్రాన్సు, జర్మనీ ఒకే కుటుంబానికి చెందినా రెండు దారులు పట్టాయి. కాకపోతే పోరాడే స్థలం మారుతుంది. సివిల్ లా దేశంలో ప్రధాన పోరాటం శాసనం రాసే గదిలో జరుగుతుంది. మన దేశంలో శాసనసభలోనూ, న్యాయస్థానంలోనూ జరుగుతుంది. ఒకచోట మేలుకుని మరొకచోట నిద్రపోతే లాభం లేదు.

మన రాష్ట్రాల అనుభవమే చూడండి. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన 2007 నాటి చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ మధ్యంతర ఉత్తర్వు నీడలోనే ఎందరో పిల్లలు వైద్య, ఇంజనీరింగు కళాశాలల్లో చేరారు. మధ్యంతర ఉత్తర్వు అంటే గొడుగు మాత్రమే, ఇంటి కప్పు కాదు. వెనుకబాటుతనానికి సంబంధించిన సర్వేలు, వివరాలు పక్కాగా ఉంటేనే తుది విచారణలో నిలబడగలం.

ఇక్కడే రెండు సంప్రదాయాల మధ్య మరో ముఖ్యమైన తేడా చెప్పాలి. ఫ్రాన్సు వంటి దేశాల్లో తీవ్రమైన నేరాల విషయంలో విచారణ న్యాయమూర్తి తానే ఆధారాలు సేకరిస్తాడు. మన పద్ధతిలో ఇరుపక్షాలు తెచ్చిన ఆధారాలను న్యాయమూర్తి తూస్తాడు. తేనిదాన్ని తూచడు. మా ప్రాంతంలో ఒక గ్రామ ఖబరస్తాన్ స్థలంపై తగాదా వచ్చింది. అది ఖబరస్తాన్ అని ఊరందరికీ తెలుసు కదా అని కమిటీ పెద్దలు ధీమాగా ఉన్నారు. గెజిటు నకలు దాఖలు చేయలేదు, పాత సర్వే పటం తీయించలేదు. ఆధారాలు చూపలేదని తీర్పు వచ్చింది. పైకోర్టుకు వెళ్లాక కొత్త కాగితం చేర్చడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫే అని సుప్రీంకోర్టు 1998లో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులోనే చెప్పింది. కానీ అది వక్ఫ్ అని ముందు నిరూపించాలి కదా! ఎంత గొప్ప తీర్పయినా కాగితం లేనివాడికి అక్కరకు రాదు.

గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డలకు కూడా ఈ తేడా తెలియాలి. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి వేలాది మంది కువైట్‌లో పనిచేస్తున్నారు. కువైట్ సివిల్ లా సంప్రదాయం పాటించే దేశం. ఫలానా ఊరి మనిషి ఇలాంటి కేసే గెలిచాడట, మనకూ వస్తుందన్న భరోసా అక్కడ చాలదు. అక్కడ ముందు చూసేది లిఖిత చట్టం, లిఖిత ఒప్పందం. ప్రైవేటు రంగ కార్మికులకు 2010 నాటి 6వ నంబరు చట్టం, ఇళ్లలో పనిచేసేవారికి 2015 నాటి 68వ నంబరు చట్టం ఉన్నాయి. పనిమనిషి సమ్మతి లేకుండా యజమాని ఆమె పాస్‌పోర్టును తన దగ్గర ఉంచుకోరాదని ఆ రెండవ చట్టం చెబుతోంది. విమానం ఎక్కే ముందే ఒప్పంద పత్రం నకలు ఇంట్లో ఒకటి దాచండి.

చివరగా ఉమ్మడి పౌర స్మృతి మాట. స్మృతి అనగానే సమానత్వం అని కొందరు, అన్యాయం అని కొందరు ముందే తేల్చేస్తున్నారు. మన గడ్డపైనే సివిల్ లా ఆనవాళ్లు ఉన్నాయి. తెలుగువారి యానాంలో ఫ్రెంచివారు 1954 వరకు పాలించారు. వ్యక్తిగత ధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర స్మృతిని స్వీకరించిన కుటుంబాలు పాండిచ్చేరి ప్రాంతంలో ఉన్నాయి. గోవాలో 1867 నాటి పోర్చుగీసు స్మృతి కుటుంబ విషయాల్లో ముస్లింలతో సహా అందరికీ వర్తిస్తుంది. అందరూ ఆదర్శమని చెప్పే ఆ గోవాలోనే, సంతానం లేనప్పుడు హిందూ పురుషుడు రెండో వివాహం చేసుకునే వెసులుబాటు 1880 నాటి డిక్రీలో ఉంది. కాబట్టి ఉమ్మడి అన్న పేరు వినగానే ఉలిక్కిపడటం కానీ, తల ఊపడం కానీ సరికాదు. ముసాయిదా చూపండి, ఎవరి ఆచారాన్ని కొలమానంగా తీసుకున్నారో చెప్పండి, ఎవరిని సంప్రదించారో చెప్పండి అని అడగడమే పౌరుల మర్యాద.

ఆ మాటకొస్తే మన ఇంటి లోపల కూడా చూసుకోవాలి. 1985లో షాబానో తీర్పు, 1986లో చట్టం, 2001లో ఆ చట్టానికి దానియల్ లతీఫీ కేసులో వ్యాఖ్యానం, 2024 జులైలో తెలంగాణ నుంచే వెళ్లిన కేసులో విడాకులు పొందిన ముస్లిం మహిళకు సాధారణ చట్టం కింద కూడా భరణం కోరే హక్కుందన్న తీర్పు. ఈ నలభై ఏళ్ల కథ ఎలా మొదలైంది? భర్త వదిలేసిన ఒక వృద్ధురాలు కోర్టు మెట్లెక్కడంతో మొదలైంది. జమాత్ పెద్దలు ఆమెకు గౌరవంగా బతికే ఏర్పాటు చేసి ఉంటే ఆమె అక్కడికి ఎందుకు వెళుతుంది? మన దగ్గర దొరకని న్యాయం కోసం మన ఆడబిడ్డ బయటికి వెళితే, అక్కడ వచ్చే తీర్పు అందరికీ చట్టమవుతుంది. ఇది కామన్ లా నైజం.

నేను కోరేది నాలుగు పనులు. ప్రతి మసీదు కమిటీ తన ఆస్తుల గెజిటు నకలు, సర్వే పటం, పన్ను రశీదులు ఒకే ఫైలులో ఉంచాలి. ప్రతి పట్టణంలో ఇద్దరు ముగ్గురు యువ న్యాయవాదులను, అందులో ఒక సోదరిని, ప్రోత్సహించి నిలబెట్టాలి. సమాజానికి సంబంధించిన కేసు వేసే ముందు, ఇది ఓడిపోతే ఎందరికి నష్టమో ఆలోచించి అనుభవజ్ఞులను అడగాలి. దరఖాస్తు తిరస్కరణకు గురైతే, నిబంధన ఏదని మాత్రమే కాక, దీనిపై తీర్పు ఏమైనా ఉందా అని కూడా అడగాలి.

ఆనాడు ఆ తల్లి ఆ ప్రశ్న అడగడానికి ఏడాదిన్నర పట్టింది. ఈ సభలో ఉన్న ఒక్కరైనా రేపు ఏదో ఒక కార్యాలయం కిటికీ ముందు నిలబడి ఆ ప్రశ్న అడిగితే, లోపల కూర్చున్న నా వంటి గుమస్తా మరోసారి పుస్తకం తెరుస్తాడు.

 సత్యాన్ని సత్యంగా గుర్తించి దాని పక్షాన నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. వస్సలామ్.